మిస్‌డిమీనరా, ఫెలనీయా? అమెరికాలో కేసు కాగితం చేతికొస్తే ఎలా చదవాలి

"అన్నా, చిన్న కేసేనంట. ఆన్‌లైన్‌లో ఫైన్ కట్టేస్తే అయిపోతుందంట. కట్టేయనా?"

డాలస్ దగ్గర ఎమ్మెస్ చదువుతున్న ఒక అబ్బాయి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి అడిగిన మాట ఇది. ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర రెండు వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకుని బయటికొచ్చాడు. వాటి ధర 86 డాలర్లు. పోలీసు వచ్చాడు, అరెస్టు చేయలేదు, సైటేషన్, అంటే కోర్టుకు రమ్మనే కాగితం, రాసిచ్చి వెళ్లిపోయాడు. దాని మీద "క్లాస్ సీ మిస్‌డిమీనర్" అని ఉంది. రూమ్మేట్లు నలుగురూ అది స్పీడింగ్ టికెట్ లాంటిదేనని ధైర్యం చెప్పారు.

"కట్టకు. ముందు ఆ కాగితం రెండు వైపులా ఫోటో తీసి పంపు" అన్నాను.

నేను లాయర్ని కాను. పన్నెండేళ్లుగా ఇక్కడ ఉంటూ, భయంతో నోరు పెగలని మనవాళ్లకు తోడుగా కోర్టులకు వెళ్లినవాణ్ని. అక్కడ నాకు అర్థమైంది ఒకటే: చేసిన పని కంటే, ఆ కాగితాన్ని చదవడం తెలియక చేసే పనే చాలాసార్లు పిల్లల్ని ఎక్కువగా ముంచుతోంది. కింద రాసింది లాయర్ సలహాకు బదులు కాదు. లాయర్ దగ్గరికి వెళ్లేలోపు మీరు ఏం చూడాలో, ఏం అడగాలో తెలుసుకోవడానికి రాసింది. నాకు బాగా తెలిసింది టెక్సస్ కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే.

మొదటి మెట్టు: మన దేశపు లెక్కను పక్కన పెట్టండి

కేసు అనగానే మనం అడిగే మొదటి ప్రశ్న "బెయిలబులా, నాన్‌బెయిలబులా?" అని. ఇండియాలో నేరాలను వారెంట్ లేకుండా పోలీసులు పట్టుకోవచ్చా, బెయిల్ హక్కుగా వస్తుందా అన్న ప్రశ్నలతో విడదీస్తారు. అమెరికాలో మొదటి గీత అక్కడ గీయరు. ఆ నేరానికి చట్టం ఎంత శిక్ష వేయనిస్తుంది అన్నదాన్నిబట్టి గీస్తారు. తక్కువైతే మిస్‌డిమీనర్, ఎక్కువైతే ఫెలనీ. ఫెలనీలోనూ బెయిల్ రావచ్చు. మిస్‌డిమీనర్‌లోనూ సంకెళ్లు వేయవచ్చు.

రెండోది నమ్మశక్యంగా ఉండదు కాబట్టి ఒక కేసు చెబుతాను. 1997లో టెక్సస్‌లోని లాగో విస్టా అనే చిన్న ఊళ్లో గెయిల్ అట్‌వాటర్ అనే తల్లి, సీటు బెల్టు లేకుండా పిల్లలతో బండి నడుపుతోందని పోలీసు ఆమెను అరెస్టు చేసి స్టేషన్‌కు తీసుకెళ్లాడు. ఆ నేరానికి పడగలిగిన శిక్ష మహా అయితే 50 డాలర్ల జరిమానా. జైలే లేని నేరానికి అరెస్టేమిటని ఆమె సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2001లో కోర్టు ఐదుగురికి నలుగురి తేడాతో ఆ అరెస్టు రాజ్యాంగ విరుద్ధం కాదంది. కాబట్టి "మిస్‌డిమీనరే కదా, అరెస్టు చేయరు" అన్న మాట నమ్మొద్దు.

ఇంకొక అలవాటు కూడా వదులుకోవాలి. మన ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని రాజీ కుదిర్చితే ఫిర్యాదు చేసినవాళ్లు కేసు వెనక్కి తీసుకుంటారన్న నమ్మకం ఉంటుంది. ఇక్కడ క్రిమినల్ కేసు నడిపేది ప్రభుత్వం. కాగితం మీద "స్టేట్ ఆఫ్ టెక్సస్" అని ఒక పక్క, మీ పేరు ఇంకో పక్క ఉంటుంది. స్టోర్ వాళ్లు క్షమించినా, భార్య "నేను కంప్లెయింట్ ఇవ్వను" అని ఏడ్చినా, కేసు ఆపాలా వద్దా అన్నది ప్రాసిక్యూటర్ చేతిలో ఉంటుంది.

రెండో మెట్టు: పడిన శిక్ష కాదు, పడగలిగిన శిక్ష చూడండి

మొత్తం విషయానికి ఇదే తాళంచెవి. జడ్జి చివరికి మీకు ఏం వేశాడు అన్నది వేరే సంగతి. ఆ సెక్షన్ కింద గరిష్ఠంగా ఎంత వేయవచ్చో దాన్నిబట్టే నేరానికి తరగతి వస్తుంది. ఒక్కరోజు కూడా లోపల ఉండకుండా ప్రొబేషన్‌తో, అంటే కోర్టు షరతుల మీద, బయటపడ్డ మనిషి పేరు మీద ఫెలనీ ఉండొచ్చు. మూడు రోజులు లాకప్‌లో ఉన్న మనిషిది మిస్‌డిమీనరే కావచ్చు.

చాలాచోట్ల గీత ఏడాది దగ్గర ఉంటుంది. ఏడాది లేదా అంతకు లోపు అయితే మిస్‌డిమీనర్, ఏడాది దాటితే ఫెలనీ. శిక్ష గడిపే చోటు కూడా సాధారణంగా మారుతుంది. మనం రెంటినీ జైలే అంటాం గానీ, మిస్‌డిమీనర్ శిక్షను కౌంటీ జైల్లో, ఫెలనీ శిక్షను రాష్ట్రం నడిపే ప్రిజన్‌లో గడపడం మామూలు పద్ధతి.

ఫెడరల్ చట్టంలో ఈ మెట్లు చాలా స్పష్టంగా ఉంటాయి. ఏడాది లేదా లోపు, కానీ ఆరు నెలలు దాటి పడగలిగితే క్లాస్ ఏ మిస్‌డిమీనర్. ఆరు నెలలు లేదా లోపు, 30 రోజులు దాటితే క్లాస్ బీ. 30 రోజులు లేదా లోపు, ఐదు రోజులు దాటితే క్లాస్ సీ. ఐదు రోజులు లేదా లోపు, లేదా అసలు జైలే లేకపోతే ఇన్‌ఫ్రాక్షన్. ఏడాది దాటిన దగ్గర క్లాస్ ఈ ఫెలనీ మొదలై, యావజ్జీవం లేదా మరణశిక్ష ఉన్న క్లాస్ ఏ ఫెలనీ దాకా వెళ్తుంది. జరిమానాలోనూ దూరం పెద్దదే. వ్యక్తులకు ఫెలనీకి 2,50,000 డాలర్ల దాకా, క్లాస్ ఏ మిస్‌డిమీనర్‌కు సాధారణంగా 1,00,000 దాకా, బీ, సీలకు 5,000 దాకా వేయవచ్చు. మనవాళ్లకు ఫెడరల్ కేసులు అరుదు. నేషనల్ పార్కులోనో, విమానంలోనో, సరిహద్దు దగ్గరో ఏదైనా జరిగితే తప్ప మీ కాగితం రాష్ట్రానిదే అయి ఉంటుంది.

ఈ విభజన ఇంగ్లండ్ పాత చట్టం నుంచి వచ్చింది. అక్కడ ఫెలనీ అంటే ఆస్తి జప్తు, చాలాసార్లు ఉరి. మిగిలినవి మిస్‌డిమీనర్లు. ఇంగ్లండ్ 1967లో ఈ తేడాను రద్దు చేసుకుంది. అమెరికా మాత్రం పట్టుకునే ఉంది.

మూడో మెట్టు: మీ రాష్ట్రం నిచ్చెన కనుక్కోండి

యాభై రాష్ట్రాలకు యాభై నిచ్చెనలు. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య అనుభవం డాలస్‌లో ఉన్న తమ్ముడికి పనికిరాకపోవడానికి కారణం ఇదే.

టెక్సస్‌లో మిస్‌డిమీనర్లు మూడు మెట్లు:

- క్లాస్ సీ: జైలు లేదు, 500 డాలర్ల దాకా జరిమానా.
- క్లాస్ బీ: 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా.
- క్లాస్ ఏ: ఏడాది దాకా జైలు, 4,000 డాలర్ల దాకా జరిమానా.

ఆ పైన స్టేట్ జైల్ ఫెలనీ ఉంది, 180 రోజుల నుంచి రెండేళ్లు. తర్వాత థర్డ్ డిగ్రీ రెండు నుంచి పదేళ్లు, సెకండ్ డిగ్రీ రెండు నుంచి 20 ఏళ్లు, ఫస్ట్ డిగ్రీ ఐదు నుంచి 99 ఏళ్లు లేదా యావజ్జీవం. అన్నిటికీ పైన మరణశిక్ష దాకా వెళ్లగలిగే క్యాపిటల్ ఫెలనీ.

కాలిఫోర్నియాలో అక్షరాల తరగతులు లేవు. ఇన్‌ఫ్రాక్షన్, మిస్‌డిమీనర్, ఫెలనీ అంతే. అయితే అక్కడ "వాబ్లర్" అనే మాట వింటారు. అటూ ఇటూ ఊగేది అని. ప్రాసిక్యూటర్ దాన్ని ఫెలనీగానూ పెట్టవచ్చు, మిస్‌డిమీనర్‌గానూ పెట్టవచ్చు. జడ్జి కూడా తర్వాత దాన్ని కిందికి దించవచ్చు. మీ కేసు వాబ్లర్ అయితే లాయర్ పని అక్కడే సగం ఉంటుంది.

న్యూయార్క్‌లో అన్నిటికంటే కింద వయొలేషన్, 15 రోజుల దాకా. అది క్రైమ్ లెక్కలోకే రాదు. తర్వాత క్లాస్ బీ మిస్‌డిమీనర్ మూడు నెలల దాకా, క్లాస్ ఏ 364 రోజుల దాకా. ఆ 364 అనే అంకె గుర్తుపెట్టుకోండి, ఆరో మెట్టులో దాని పని ఉంది.

న్యూజెర్సీ చట్టం నేరాలను ఫెలనీ, మిస్‌డిమీనర్ అని విడదీయదు. ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో కాగితం వస్తే దాని మీద "డిజార్డర్లీ పర్సన్స్ అఫెన్స్" అని ఉండొచ్చు. ఆరు నెలల దాకా జైలు ఉండే ఇది మిస్‌డిమీనర్ లాంటిది. "ఫోర్త్ డిగ్రీ క్రైమ్" అని ఉంటే 18 నెలల దాకా పడవచ్చు, అంటే ఫెలనీతో సమానం. అంకె పెద్దది కాబట్టి చిన్న నేరం అనుకుని ఊరుకున్న కుటుంబాన్ని నేను చూశాను.

వర్జీనియాలో మిస్‌డిమీనర్లకు ఒకటి నుంచి నాలుగు అంకెలు. క్లాస్ వన్ పెద్దది, 12 నెలల దాకా. అక్కడ గంటకు 85 మైళ్లు దాటినా, పరిమితికి 20 మైళ్లు ఎక్కువగా నడిపినా అది స్పీడింగ్ టికెట్ కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్ అనే క్లాస్ వన్ మిస్‌డిమీనర్. డ్రైవ్ చేసుకుంటూ వాషింగ్టన్ చూడ్డానికి వెళ్లే కుర్రాళ్లు ఇది తెలుసుకుని వెళ్లాలి. జార్జియాలో మామూలు ట్రాఫిక్ ఉల్లంఘనలు కూడా చాలావరకు చట్టం దృష్టిలో మిస్‌డిమీనర్లే.

ఏడాది గీత అన్నిచోట్లా ఒకటే అని కూడా అనుకోకండి. పెన్సిల్వేనియాలో ఫస్ట్ డిగ్రీ మిస్‌డిమీనర్‌కు ఐదేళ్ల దాకా పడవచ్చు. మేరీలాండ్‌లో సెకండ్ డిగ్రీ అసాల్ట్ పేరుకు మిస్‌డిమీనరే, శిక్ష మాత్రం పదేళ్ల దాకా. అందుకే పేరు చూసి ఊపిరి పీల్చుకోవద్దు, పక్కనున్న అంకె చూడమంటున్నాను.

నాలుగో మెట్టు: మీ నేరాన్ని పైకి నెట్టేది ఏమిటో వెతకండి

ఒకే పని వేర్వేరు మెట్ల మీద నిలబడగలదు. నెట్టేవి ముఖ్యంగా నాలుగు: విలువ, గాయం, పాత రికార్డు, ఎదుట ఉన్నది ఎవరు.

దొంగతనంలో విలువే అంతా. టెక్సస్‌లో 100 డాలర్ల లోపు క్లాస్ సీ. 100 నుంచి 750 లోపు క్లాస్ బీ. 750 నుంచి 2,500 లోపు క్లాస్ ఏ. 2,500 నుంచి 30,000 లోపు స్టేట్ జైల్ ఫెలనీ. మన అబ్బాయి సంచిలో ఇంకొక 14 డాలర్ల వస్తువు ఉంటే జైలు ఉండే నేరం అయ్యేది. అదే పని న్యూజెర్సీలో చేస్తే, 200 డాలర్లకు ఫోర్త్ డిగ్రీ మొదలు, 500 దాటితే థర్డ్ డిగ్రీ, అంటే మూడు నుంచి ఐదేళ్లు. టెక్సస్‌లో 600 డాలర్ల జాకెట్ క్లాస్ బీ మిస్‌డిమీనర్, న్యూజెర్సీలో ఫెలనీతో సమానం. కాబట్టి కాగితం మీద రాసిన విలువ సరైనదా అని చూడండి. పట్టుకున్నప్పుడు వేసిన మొత్తం ధరలో మీరు డబ్బు కట్టిన వస్తువులు కూడా కలిపి వేశారేమో బిల్లుతో సరిపోల్చండి.

తాగి నడపడంలో పాత రికార్డు నెట్టుతుంది. టెక్సస్‌లో మొదటిసారి డీడబ్ల్యూఐ క్లాస్ బీ. రక్తంలో ఆల్కహాల్ 0.15 లేదా ఆ పైన ఉంటే మొదటిసారే క్లాస్ ఏ. రెండోసారి క్లాస్ ఏ. మూడోసారి థర్డ్ డిగ్రీ ఫెలనీ. కార్లో 15 ఏళ్ల లోపు పిల్లలు ఉంటే మొదటిసారైనా స్టేట్ జైల్ ఫెలనీ. పార్టీ అయ్యాక పిల్లల్ని వెనక సీట్లో పడుకోబెట్టి "రెండు బీర్లే కదా" అని తాళాలు అందుకునే నాన్నలకు ఈ ఒక్క వాక్యం చేరితే చాలు.

ఇంట్లో గొడవల గురించి కాస్త ఆగి చెప్పాలి. భార్యాభర్తల మాటా మాటా పెరిగి ఎవరో ఒకరు 911కి ఫోన్ చేస్తారు. పోలీసులు సర్దిచెప్పి వెళ్లిపోతారని అనుకుంటారు. నొప్పి కలిగేలా చెయ్యి చేసుకుంటే టెక్సస్‌లో అది క్లాస్ ఏ అసాల్ట్. జీవిత భాగస్వామి గొంతు పట్టుకుని ఊపిరి ఆడకుండా చేస్తే, అది ఎంతసేపైనా సరే, థర్డ్ డిగ్రీ ఫెలనీ. దెబ్బ తిన్నవాళ్లు ఫోన్ చేయడం ముమ్మాటికీ సరైన పనే, కేసు భయంతో ఎవరూ ఆ ఫోన్ ఆపుకోకూడదు. చెయ్యి ఎత్తేవాళ్లు తెలుసుకోవాల్సింది, ఇక్కడ అది "ఇంటి విషయం" కాదన్నది.

ఐదో మెట్టు: కోర్టు పేరు చదవండి

కాగితం మీద క్లాస్ కనిపించకపోతే కోర్టు పేరు చెప్పేస్తుంది. టెక్సస్‌లో మునిసిపల్ కోర్టు లేదా జస్టిస్ కోర్టు అంటే క్లాస్ సీ. కౌంటీ కోర్టు అంటే మామూలుగా క్లాస్ ఏ లేదా బీ. డిస్ట్రిక్ట్ కోర్టు అంటే దాదాపు ఫెలనీయే. "ఇండైట్‌మెంట్" అన్న మాట కనిపిస్తే గ్రాండ్ జ్యూరీ అనే పౌరుల బృందం చూసి అభియోగం ఖాయం చేసిందని అర్థం. అది ఫెలనీ దారి. మిస్‌డిమీనర్లకు "కంప్లెయింట్", "ఇన్ఫర్మేషన్" అన్న పత్రాలు వస్తాయి.

హక్కులూ మెట్టునుబట్టి మారతాయి. డబ్బు లేనివాళ్లకు ఫెలనీ కేసులో ప్రభుత్వమే లాయర్‌ని ఇవ్వాలని 1963లో గిడియన్ తీర్పు చెప్పింది. 1972లో ఆర్జర్‌సింగర్ తీర్పు దాన్ని జైలు పడే మిస్‌డిమీనర్లకూ విస్తరించింది. జరిమానా మాత్రమే ఉండే నేరానికి ఆ హక్కు లేదు. క్లాస్ సీలో చిక్కు సరిగ్గా ఇదే: శిక్ష చిన్నది కాబట్టి ఉచిత లాయర్ రాడు, లాయర్ లేడు కాబట్టి తర్వాత ఏమవుతుందో ఎవరూ చెప్పరు, పిల్లవాడు ఫోన్‌లో కార్డు నంబరు కొట్టేస్తాడు. టెక్సస్ చట్టం ప్రకారం ఆ ఫైన్ కట్టడమే "నో కాంటెస్ట్" ప్లీతో, అంటే అభియోగానికి ఎదురు చెప్పనని కోర్టుకు ఇచ్చే జవాబుతో, సమానం. అంటే దొంగతనం కేసులో మీరు దోషిగా తేలినట్టే.

ఆరో మెట్టు: వీసా లెక్క విడిగా వేయండి

ఎఫ్ వన్ అయినా, హెచ్ వన్ బీ అయినా, గ్రీన్ కార్డు అయినా, పౌరులు కానివాళ్లకు ఇంకొక నిచ్చెన ఉంది. ఇమిగ్రేషన్ చట్టం రాష్ట్రం పెట్టిన పేరును పట్టించుకోదు. మూడు విషయాలు చూస్తుంది.

ఒకటి, నేరం స్వభావం. దొంగతనం, మోసం లాంటివాటిని "నైతిక పతనం ఉన్న నేరాలు" అనే ప్రత్యేక గుంపులో వేస్తారు. స్పీడింగ్ టికెట్టూ, 86 డాలర్ల షాప్‌లిఫ్టింగూ టెక్సస్ కోర్టులో పక్కపక్కన కూర్చుంటాయి. వీసా అధికారి ముందు వాటి మధ్య సముద్రమంత దూరం.

రెండు, గరిష్ఠ శిక్ష. అమెరికాలో ప్రవేశం పొందిన ఐదేళ్ల లోపు అలాంటి నేరం ఒకటి చేసి, దానికి ఏడాది లేదా ఎక్కువ శిక్ష పడే వీలుంటే దేశం నుంచి పంపేయవచ్చు. టెక్సస్ క్లాస్ ఏ "ఏడాది దాకా" కాబట్టి అందులో పడుతుంది, క్లాస్ బీ పడదు. వాషింగ్టన్ రాష్ట్రం 2011లో, కాలిఫోర్నియా 2015 నుంచి, న్యూయార్క్ 2019లో గరిష్ఠాన్ని 365 రోజుల నుంచి 364కు తగ్గించింది ఈ ఒక్క రోజు కోసమే. ఇక ఇలాంటి నేరాలు రెండు వేర్వేరు సందర్భాల్లో రుజువైతే శిక్ష ఎంత చిన్నదైనా, ఎన్నేళ్లు గడిచినా ప్రమాదమే. అందుకే మొదటి క్లాస్ సీని తేలిగ్గా వదిలేయకూడదు. దొంగతనానికి ఏడాది శిక్ష వేసి దాన్ని సస్పెండ్ చేసినా, రాష్ట్రం దృష్టిలో మిస్‌డిమీనర్‌గా ఉన్నది ఇమిగ్రేషన్ చట్టంలో "ఆగ్రవేటెడ్ ఫెలనీ" అయిపోగలదు.

మూడు, దోషిగా తేలడం అంటే ఏమిటన్నది. టెక్సస్‌లో "డిఫర్డ్ అడ్జుడికేషన్" అని ఇస్తారు. నేరం ఒప్పుకుని ప్రొబేషన్ సరిగ్గా పూర్తి చేస్తే దోషి అన్న తీర్పు నమోదు కాదు. రాష్ట్రానికి అది కన్విక్షన్ కాదు. ఇమిగ్రేషన్‌కు మాత్రం ఒప్పుకోలూ, ఏదో ఒక ఆంక్షా ఉంటే కన్విక్షనే. తర్వాత రికార్డు చెరిపించినా సాధారణంగా వాళ్ల లెక్కలో చెరగదు. ఒప్పుకోలు, ప్లీ లేకుండా, షరతులు పూర్తి చేస్తే కేసు కొట్టేసే ప్రీ ట్రయల్ డైవర్షన్ దొరికే వీలుందా అని లాయర్‌ని తప్పకుండా అడగండి.

కన్విక్షన్ లేకపోయినా కొన్ని జరుగుతాయి. తాగి నడిపి అరెస్టయితే, కేసు తేలకముందే పాస్‌పోర్టులోని వీసాను విదేశాంగ శాఖ రద్దు చేయడం 2015 నుంచి ఉంది. వీసా రద్దయినంత మాత్రాన ఇక్కడ ఉండే స్టేటస్ వెంటనే పోదు గానీ, దేశం దాటితే హైదరాబాద్‌లో మళ్లీ స్టాంపింగ్‌కు నిలబడాలి. 2025 వసంతంలో వేలాది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల గురించి ప్రభుత్వం ఉంచే రికార్డులు) ఒక్కసారిగా రద్దయ్యాయి. వాళ్లలో కొట్టేసిన చిన్న కేసులు ఉన్నవాళ్లూ ఉన్నారు. కోర్టుల్లో వరసగా దావాలు పడ్డాక ఏప్రిల్ చివర్లో పునరుద్ధరించారు. ఆ మూడు నాలుగు వారాలు ఇక్కడి తెలుగు పిల్లలు పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను.

ఏడో మెట్టు: ఇప్పుడు చేయాల్సినవి

కాగితం మీద కోర్టు తేదీ ఎర్ర ఇంకుతో గుండ్రంగా చుట్టండి. వెళ్లకపోతే వారెంట్ వస్తుంది, వెళ్లకపోవడమే ఇంకో నేరం అవుతుంది. తేదీకి ముందు ఇండియా టికెట్ ఉంటే లాయర్‌తో మాట్లాడకుండా విమానం ఎక్కొద్దు.

పోలీసు అడిగితే పేరు, గుర్తింపు కాగితాలు ఇవ్వండి. జరిగింది వివరించబోయి, క్షమాపణ చెబితే వదిలేస్తారని అనుకుని ఒప్పుకోలు రాసివ్వకండి. "లాయర్‌తో మాట్లాడాక చెబుతాను" అనడం అమర్యాద కాదు. పట్టుకెళ్తే, ఇండియన్ కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు మీకు ఉంది.

క్రిమినల్ లాయర్ ఒక్కరే సరిపోరు, ఇమిగ్రేషన్ లాయర్‌కూ చూపించండి. 2010లో పడియా కేసులో, ప్లీ వల్ల వచ్చే ఇమిగ్రేషన్ నష్టాన్ని క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని సుప్రీంకోర్టు అంది. ఆ కేసులో మనిషి నలభై ఏళ్లు అమెరికాలో చట్టబద్ధంగా ఉన్నవాడు, వియత్నాం యుద్ధంలో పనిచేసినవాడు. ఇన్నేళ్లున్నావు, నీకేం కాదని లాయర్ చెప్పిన మాట నమ్మి నేరం ఒప్పుకున్నాడు. కాబట్టి ప్లీకి ముందు ఈ నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి: గరిష్ఠ శిక్ష ఎంత? ఇది నైతిక పతనం గుంపులోకి వస్తుందా? ఇమిగ్రేషన్‌కు ఇది కన్విక్షన్ అవుతుందా? ఇంకొక చిన్న సెక్షన్‌కు మార్చే వీలుందా?

తల్లిదండ్రులకు చెప్పండి. సిగ్గుతో దాచిపెట్టి, లాయర్ ఫీజుకు డబ్బు లేక తేదీ తప్పినవాళ్లు నాకు తెలుసు.

ఆ అబ్బాయి ఫైన్ కట్టలేదు. మర్నాడు వాళ్ల నాన్నకు ఫోన్ చేశాడు, అరగంట ఇద్దరూ మాట్లాడుకోలేకపోయారట. తర్వాత లాయర్‌ని పెట్టుకున్నాడు. ఐదు నెలలు పట్టింది, ప్లీ లేకుండానే కేసు కొట్టేశారు. కోర్టు క్లర్కు దగ్గర ముద్ర వేసిన, కేసు ఎలా ముగిసిందో చెప్పే డిస్పోజిషన్ కాపీలు మూడు తీయించమన్నాను. వీసా దరఖాస్తులో "ఎప్పుడైనా అరెస్టయ్యారా, దోషిగా తేలారా" అన్న ప్రశ్న ఉంటుంది. సైటేషన్‌ను అరెస్టుగా చూపాలా వద్దా అన్నది ఆ రోజు లాయర్‌ని అడిగి, నిజమే రాసి, ఒక కాపీ జత చేయాలి. మిగతా రెండింట్లో ఒకటి ఇక్కడ అతని డ్రాయర్‌లో ఉంది, ఒకటి ఖమ్మంలో వాళ్లమ్మ బీరువాలో ఉంది.